పల్స్ రేటు 20 రెట్లు పెంచితే కీ రేటు కూడా 20 రెట్లు పెరుగుతుందా? (ఫైబర్ క్యూకేడీ)

సగం_ఫోటాన్:

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కింద ల్యాబ్‌లో ఉన్న పాత క్యూకేడీ (క్వాంటమ్ కీ డిస్ట్రిబ్యూషన్, ఫోటాన్ల మీద రహస్య కీ పంచుకోవడం) సెటప్‌ను నాకు అంటగట్టారు. బీబీ84 ప్రోటోకాల్, డెకాయ్ స్టేట్స్ (దొంగచాటుగా వినేవాళ్లను పట్టడానికి మధ్యలో కలిపే వేరే తీవ్రత పల్సులు) ఉన్నాయి, టైమ్ బిన్ ఎన్‌కోడింగ్. లేజర్ 50 మెగాహెర్ట్జ్‌లో కొడుతుంది, డెకాయ్‌లన్నీ కలుపుకుని పల్స్‌కి సగటున 0.5 ఫోటాన్, 1550 నానోమీటర్లు, మధ్యలో 25 కి.మీ. ఫైబర్ చుట్ట. అవతల రెండు ఇండియం గాలియం ఆర్సెనైడ్ ఏపీడీలు (ఒక్క ఫోటాన్‌ని కూడా పట్టే డిటెక్టర్లు) ఫ్రీ రన్నింగ్‌లో, అంటే ఎప్పుడూ ఆన్‌లో, ఉన్నాయి, ఎఫిషియన్సీ 20 శాతం, డెడ్ టైమ్ 10 మైక్రోసెకన్లు పెట్టారు. రిసీవర్ లోపల ఇంకో 3 డీబీ పోతుంది. ఒక్కో డిటెక్టర్ సెకనుకు 80 వేల కౌంట్ల దగ్గర ఉంటోంది, అన్నీ అయ్యాక చేతికొచ్చే కీ 25 కేబీపీఎస్ అటూఇటూ.

చైనా వాళ్లు 100 ఎంబీపీఎస్ దాటించారని చదివినప్పటి నుంచి మా గైడ్ "స్పీడు పెంచు" అని వెంటపడుతున్నారు. నా ఆలోచన ఏంటంటే లేజర్ డ్రైవర్, మాడ్యులేటర్లు మార్చి 1 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్తే పల్సులు 20 రెట్లు అవుతాయి కాబట్టి కీ కూడా 500 కేబీపీఎస్ దాకా రావాలి కదా? బడ్జెట్ మాత్రం ఒక్క వైపుకే వస్తుంది, ట్రాన్స్‌మిటర్ మార్చాలా డిటెక్టర్లు మార్చాలా అన్నది ఈ వారంలో చెప్పాలి. చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కాంతిరేఖ:

ట్రాన్స్‌మిటర్ జోలికి వెళ్లకండి. మీరిచ్చిన అంకెల్లోనే జవాబుంది.

50 మెగాహెర్ట్జ్‌ని 0.5తో గుణిస్తే సెకనుకు 2.5 కోట్ల ఫోటాన్లు బయల్దేరుతున్నాయి. 25 కి.మీ. ఫైబర్‌లో కి.మీ.కి 0.2 డీబీ చొప్పున 5 డీబీ పోతుంది, అంటే మూడో వంతు కంటే కొంచెం తక్కువ మిగులుతుంది, 79 లక్షలు. రిసీవర్ సగం తినేస్తుంది, మిగిలినవాటిలో డిటెక్టర్ అయిదో వంతే పట్టుకుంటుంది. దాదాపు 8 లక్షల క్లిక్కులు, రెండు డిటెక్టర్లకు పంచితే ఒక్కోదానికి 4 లక్షలు. కానీ మీకు కనిపిస్తున్నది 80 వేలు. మిగతావి ఎక్కడికి పోయాయి? డెడ్ టైమ్‌లోకి. క్లిక్ అయిన ప్రతిసారీ 10 మైక్రోసెకన్లు కళ్లు మూసుకునే డిటెక్టర్ సెకనుకు లక్షకు మించి ఏం చేసినా లెక్కపెట్టలేదు. ఫార్ములా కూడా చిన్నదే: రావాల్సిన రేటును, 1 కి రేటు గుణించు డెడ్ టైమ్ కలిపి, దాంతో భాగించాలి. 4 లక్షలు భాగించు 5, సరిగ్గా మీ 80 వేలు.

ఇప్పుడు 1 గిగాహెర్ట్జ్ పెట్టండి. రావాల్సినవి 80 లక్షలు, భాగించేది 81, వచ్చేవి 99 వేలు. కొత్త లేజర్ డ్రైవర్, కొత్త మాడ్యులేటర్లు, నెలల పని, అంతా చేస్తే లాభం పావు వంతు కూడా లేదు.

అదే 50 మెగాహెర్ట్జ్‌ని అలాగే ఉంచి, డెడ్ టైమ్ బాధ లేని డిటెక్టర్లు పెడితే రెండింటికీ కలిపి 1.6 లక్షలు ఉన్నది 8 లక్షలవుతుంది, అయిదు రెట్లు. ఆ తర్వాత ఎప్పుడైనా డబ్బులొస్తే గిగాహెర్ట్జ్ గురించి చూసుకోవచ్చు.

డార్క్‌కౌంట్:

పై లెక్క నమ్మబుద్ధి కాకపోతే మీ గైడ్ ముందే ఫైబర్‌కి 10 డీబీ అటెన్యుయేటర్ తగిలించండి. డిటెక్టర్ మామూలుగా పనిచేస్తుంటే కౌంట్ పదో వంతుకు పడాలి, 8 వేలు. 28 వేల పైన ఆగితే సాచురేషన్ అని ఖాయం చేసుకోవచ్చు.

సగం_ఫోటాన్:

పెట్టి చూశాను. ఒకటి 28 వేల చిల్లర, ఇంకోటి 29 వేలు. గైడ్ ఏమీ అనలేదు, కాసేపు స్క్రీన్ వైపు చూసి వెళ్లిపోయారు :)

కాంతిరేఖ గారూ, మరి డెడ్ టైమ్‌నే 10 నుంచి 1 మైక్రోసెకన్‌కి తగ్గిస్తే సరిపోదా? నాబ్ ఉంది, సెట్టింగ్‌లో ఆ ఆప్షన్ కనిపిస్తోంది. డబ్బు ఖర్చే ఉండదు.

కాంతిరేఖ:

ఆ 10 మైక్రోసెకన్లు ఎవరో సరదాకి పెట్టినవి కావండి. ఏపీడీలో ఒక్క ఫోటాన్ పడితే అవలాంచ్ వచ్చి లక్షల కొద్దీ ఎలక్ట్రాన్లు పారతాయి. వాటిలో కొన్ని ఆ సెమీకండక్టర్ లోపాల్లో ఇరుక్కుని, ఆలస్యంగా విడుదలై, మళ్లీ అవలాంచ్ తెప్పిస్తాయి, ఫోటాన్ లేకుండానే క్లిక్. దీన్నే ఆఫ్టర్‌పల్సింగ్ అంటారు. డార్క్ కౌంట్లు (కాంతి లేకపోయినా వాటంతటవే వచ్చే క్లిక్కులు) తగ్గాలని డిటెక్టర్‌ని మైనస్ డిగ్రీలకు చల్లబరుస్తారు కదా, చల్లబరిచేకొద్దీ ఇరుక్కున్నవి బయటపడటానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది, అందుకే ఈ జాతి డిటెక్టర్లతో ఎప్పుడూ తలనొప్పే. 1 మైక్రోసెకన్ పెడితే కౌంట్లు పెరుగుతాయి, వాటిలో దొంగ క్లిక్కులు కూడా పెరుగుతాయి, అవి సగం సార్లు తప్పు బిట్ ఇస్తాయి, క్యూబర్ (కీలో తప్పు బిట్ల శాతం) పైకి పోతుంది. బీబీ84లో మామూలు వన్‌వే పోస్ట్ ప్రాసెసింగ్‌తో ఎర్రర్ 11 శాతం చేరితే కీ సున్నా. దానికి చాలా ముందే ఎర్రర్ కరెక్షన్, ప్రైవసీ ఆంప్లిఫికేషన్ (బయటివాళ్లకు తెలిసి ఉండొచ్చన్న మేరకు కీని కుదించడం) కలిసి మీ లాభమంతా మింగేస్తాయి.

దీనికి అసలు మందు 2007లో తోషిబా కేంబ్రిడ్జ్ ల్యాబ్ వాళ్లు చూపించారు, సెల్ఫ్ డిఫరెన్సింగ్ అని. డిటెక్టర్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచకుండా గిగాహెర్ట్జ్ రేటులో చిన్న చిన్న గేట్లుగా తెరుస్తారు, గేటు అంత ఇరుకు కాబట్టి అవలాంచ్ పెద్దది కాకముందే ఆగిపోతుంది, పారే ఛార్జ్ తక్కువ, ఇరుక్కునేదీ తక్కువ. చిక్కేంటంటే అంత చిన్న అవలాంచ్ సిగ్నల్ గేటు పెట్టే కెపాసిటివ్ రొదలో కనపడదు. అందుకని డిటెక్టర్ అవుట్‌పుట్‌ను రెండుగా చీల్చి, ఒకదాన్ని సరిగ్గా ఒక గేటు కాలం ఆలస్యం చేసి, రెండోదాని నుంచి తీసేస్తారు. రొద ప్రతి గేటుకీ ఒకేలా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది, అవలాంచ్ ఒక్కటే మిగులుతుంది. ఎంత సింపుల్ ఐడియా చూడండి, నాకైతే ఈ ఫీల్డ్ మొత్తంలో ఇష్టమైన ట్రిక్ ఇదే. దీంతోనే వాళ్లు 2008లో 20 కి.మీ. మీద, 2010లో 50 కి.మీ. మీద 1 ఎంబీపీఎస్ అందుకున్నారు. ఈ రకం తీసుకుంటే మీ లేజర్ 50 మెగాహెర్ట్జ్‌లోనే ఉన్నా ఫర్వాలేదు, 20 గేట్లకు ఒక పల్స్ వస్తుంది, ఖాళీ గేట్లలో వచ్చిన క్లిక్కులు పారేస్తారు.

ఇంకో మాట, ఇది అందరూ మర్చిపోతారు. మీ రెండు డిటెక్టర్లలో ఒకటి 0, ఒకటి 1. 0 క్లిక్ అయ్యాక పది మైక్రోసెకన్లు అది గుడ్డిది, ఆ లోపు క్లిక్ వస్తే 1 మాత్రమే రాగలదు. మీ పల్స్ గ్యాప్ 20 నానోసెకన్లే కాబట్టి ఒక డెడ్ టైమ్‌లో 500 పల్సులు పోతున్నాయి. అంటే మీ కీలో 0 తర్వాత 1, 1 తర్వాత 0 మామూలు కంటే ఎక్కువసార్లు వస్తుంటాయి. క్లిక్కు వచ్చిన టైమ్‌లు పబ్లిక్ ఛానెల్‌లో ప్రకటిస్తాం, ఈవ్ (దొంగచాటుగా వినేవాళ్లకు పెట్టిన పేరు) అవి వింటుంది, ఊహించుకుంటుంది. రెండు డిటెక్టర్లూ మెలకువగా ఉన్నప్పుడు వచ్చిన క్లిక్కులే ఉంచాలి, మిగతావి తీసేయాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఫిల్టర్ ఉందా? లేకపోతే మీ 25 కేబీపీఎస్ అన్నది అసలు అంకె కాదు.

రూటర్‌రాజు:

నేను నెట్‌వర్క్ వైపు మనిషిని, క్వాంటమ్ ఫిజిక్స్ రాదు, కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఏఈఎస్ 256 కీ అంటే 256 బిట్లు. సెకనుకోసారి కీ మార్చినా 256 బీపీఎస్ చాలు. ఆ 25 కేబీపీఎస్ మీదే నేను దాదాపు వంద లింకులకు సెకనుకో కీ ఇవ్వగలను. మరి ఈ మెగాబిట్ల పరుగు దేనికి? పైగా 2024 ఆగస్టులో నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) పోస్ట్ క్వాంటమ్ (క్వాంటమ్ కంప్యూటర్లకూ లొంగకుండా చేసిన మామూలు క్రిప్టో) స్టాండర్డ్లు ఫైనల్ చేసింది, వాటిలోని ఎంఎల్ కెమ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వచ్చేస్తుంది, ఫైబర్ అక్కర్లేదు, చల్లబరిచే డబ్బా అక్కర్లేదు. అమెరికా ఎన్‌ఎస్‌ఏ అయితే తమ నేషనల్ సెక్యూరిటీ సిస్టమ్స్‌కి క్యూకేడీని సిఫార్సు చేయట్లేదని ఓపెన్‌గానే రాసింది. పబ్లిక్ ఛానెల్‌లో మాట్లాడేది నిజంగా అవతలి బాక్సేనా అని తేల్చుకోవడానికి ముందే పంచుకున్న రహస్యమో, డిజిటల్ సంతకమో కావాల్సిందే కదా, అది క్యూకేడీ ఇవ్వదు.

ఏకాంత_కణం:

రాజు గారు చెప్పిన ఆథెంటికేషన్ పాయింట్ ఒప్పుకుని తీరాలి, దాన్ని దాచిపెట్టి అమ్మేవాళ్లే ఎక్కువ. మొదటి రోజు చిన్న కీ ఒకటి చేతితో ఇచ్చి, తర్వాత పుట్టిన కీలో కొంత దానికే వాడుకుంటూ పోవచ్చు, కానీ ఆ మొదటిది మాత్రం బయటి నుంచే రావాలి. అవసరం లేదు అన్న దగ్గర మాత్రం తేడా ఉంది. రేటు అన్నది దూరంతో పాటు కరిగిపోయే సరుకు. 10 కి.మీ.లో 10 ఎంబీపీఎస్ ఇచ్చే బాక్సుకి 100 కి.మీ. తీసుకెళ్తే ఇంకో 18 డీబీ పోతుంది, అంటే 60 రెట్లకు పైగా తగ్గి 150 కేబీపీఎస్ దగ్గర పడుతుంది, పాత ఫైబర్‌లో స్ప్లైసులు, కనెక్టర్లు ఇంకాస్త తింటాయి. దగ్గర దూరంలో అనవసరంగా కనిపించే వేగం దూరం వెళ్లేసరికి బొటాబొటిగా మిగులుతుంది. మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టే వీలు ఎటూ లేదు, తెలియని క్వాంటమ్ స్థితిని కాపీ చేయడం కుదరదని 1982లోనే తేల్చేశారు. ఇక వన్ టైమ్ ప్యాడ్‌తో వీడియో పంపాలంటే ఎంత డేటాకు అంత కీ కావాలి, అక్కడ ఎంబీపీఎస్‌లు కావాల్సిందే.

అందరూ చెప్పుకునే 100 ఎంబీపీఎస్ సంగతి కూడా చెప్తా. 2023లో వచ్చిన ఆ రికార్డు 115.8 ఎంబీపీఎస్, చైనాలో హెఫేలోని యూఎస్‌టీసీ యూనివర్సిటీ బృందానిది, 10 కి.మీ. మామూలు ఫైబర్ మీద. వాళ్ల లేజర్ రేటు 2.5 గిగాహెర్ట్జ్. 2018లోనే జెనీవా వాళ్లు అదే 2.5 గిగాహెర్ట్జ్‌తో 421 కి.మీ. వెళ్లారు, అంటే లేజర్ అప్పటికే ఉంది. కొత్తగా వచ్చింది డిటెక్టరే. సూపర్ కండక్టింగ్ నానోవైర్ డిటెక్టర్లలో ఫోటాన్ పడిన చోట తీగ క్షణం పాటు సూపర్ కండక్టివిటీ కోల్పోతుంది, మళ్లీ కోలుకోవడానికి పదుల నానోసెకన్లు పడుతుంది, తీగ పొడవు పెరిగితే ఇండక్టెన్స్ పెరిగి ఇంకా ఆలస్యం. అందుకని ఒకే పొడవాటి తీగకు బదులు 8 పిక్సెళ్లు పక్కపక్కన పెట్టారు, ఒకటి కోలుకుంటుంటే మిగతా ఏడూ పని చేస్తుంటాయి. అదే ఏడాది జెనీవా బృందం 14 పిక్సెళ్ల డిటెక్టర్‌తో 10 కి.మీ.లో 64 ఎంబీపీఎస్ తీసింది, 102 కి.మీ.లో 3 ఎంబీపీఎస్, కీ డిస్టిలేషన్ కూడా రియల్ టైమ్‌లోనే. నా దృష్టిలో ఈ రెండోదే గొప్ప, రాత్రంతా కంప్యూటర్‌లో వండిన కీ వేరు, అప్పటికప్పుడు చేతిలో పడే కీ వేరు.

ఎందుకంటే డిటెక్టర్ ముడి విప్పగానే పోస్ట్ ప్రాసెసింగ్ దగ్గర ముడి పడుతుంది. ఫైనైట్ కీ లెక్కలో (అంతులేని డేటా అనుకోకుండా చేతిలో ఉన్న బ్లాకుతోనే భద్రత లెక్కించడం) నష్టం తక్కువ కావాలంటే కోట్ల బిట్ల బ్లాకును ఒకేసారి టోప్లిట్జ్ మాట్రిక్స్‌తో హ్యాష్ చేయాలి, ఎఫ్ఎఫ్‌టీ వాడకపోతే అది తెమిలే పని కాదు. ట్రాన్స్‌మిటర్ వైపు కూడా గిగాహెర్ట్జ్ అంటే పల్స్ పల్స్‌కీ బిట్టు, బేసిస్, తీవ్రత మూడూ నిజమైన రాండమ్‌గా ఎంచాలి, సెకనుకు గిగాబిట్ల కొద్దీ రాండమ్ నంబర్లు కావాలి. మాడ్యులేటర్ ఆ వేగంలో నడిచేటప్పుడు ముందు పల్స్ తీవ్రత తర్వాతి పల్స్ మీద నీడలా పడుతుంది, డెకాయ్ అనుకున్నది అనుకున్నంత ఉండదు, సెక్యూరిటీ ప్రూఫ్‌లో పల్సులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదన్న మాట అక్కడ ఎగిరిపోతుంది.

రూటర్‌రాజు:

సరే, దూరం లెక్క ఒప్పుకుంటాను. ఇంకొకటి, దీనికి డార్క్ ఫైబరే కావాలా, నడుస్తున్న డీడబ్ల్యూడీఎం (ఒకే ఫైబర్‌లో చాలా తరంగదైర్ఘ్యాల మీద డేటా పంపే) లింకులో దూర్చలేమా? ఖాళీ ఫైబర్ అంటే మా దగ్గర ఎవరూ ఇవ్వరు.

ఏకాంత_కణం:

దూర్చారు, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 1 మిల్లీవాట్ డేటా ఛానెల్ అంటే సెకనుకు దాదాపు 78 కోట్ల కోట్ల ఫోటాన్లు, పక్కన క్వాంటమ్ ఛానెల్‌లో గిగాహెర్ట్జ్ వేగంలో కూడా 50 కోట్లు మాత్రమే. ఫిల్టర్లు ఎంత బాగున్నా రామన్ స్కాటరింగ్ వల్ల డేటా కాంతి తరంగదైర్ఘ్యం మారి మీ ఛానెల్‌లోనే దిగుతుంది, అప్పుడు ఫిల్టర్ దాన్ని ఆపలేదు. డేటా లాంచ్ పవర్ తగ్గించాలి, లేదా క్వాంటమ్‌ని 1310 వైపు పెట్టి డేటాని 1550 దగ్గర ఉంచాలి. అక్కడ రామన్ బాగా తగ్గుతుంది కానీ కి.మీ.కి 0.2 బదులు 0.33 డీబీ దాకా పోతుంది. ఇరుకు గేట్లున్న వేగపు సిస్టమ్‌కి ఇక్కడ ఒక లాభం ఉంది, గేటు మూసి ఉన్నప్పుడు పడిన రామన్ ఫోటాన్ లెక్కలోకి రాదు.

సగం_ఫోటాన్:

చాలా థాంక్స్ అందరికీ. ఫిల్టర్ సంగతి చూశాను, లేదు. ఆఫ్‌లైన్ డేటా మీద రాసి పెట్టి చూస్తే పనికొచ్చే క్లిక్కులు బాగా తగ్గాయి, కీ సగం కూడా మిగల్లేదు. ఆ రిపోర్టే గైడ్‌కి ఇచ్చాను, డిటెక్టర్లకే ఒప్పుకున్నారు.

చివరగా ఒక్క డౌట్. ప్రాజెక్టు ప్రపోజల్లో "భవిష్యత్తులో 300 కి.మీ." అని ఒక లైన్ ఉంది. డిటెక్టర్లు మార్చి, తర్వాత 1 గిగాహెర్ట్జ్‌కి వెళ్తే అది అవుతుందా?

కాంతిరేఖ:

ఆ లైన్ తీసేయండి. 300 కి.మీ. అంటే 60 డీబీ, పది లక్షల్లో ఒక ఫోటాన్ అవతలికి చేరుతుంది. గిగాహెర్ట్జ్‌లో పంపినా సెకనుకు 500 చేరతాయి, రిసీవర్, ఎఫిషియన్సీ పోను 50 క్లిక్కులు. ఏపీడీ డార్క్ కౌంట్లే సెకనుకు వందలు, వేలల్లో ఉంటాయి, వాటిలో సగం తప్పు బిట్లు. కీ రాదు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. క్లాక్ 20 రెట్లు పెంచితే సిగ్నల్ 20 రెట్లు పెరిగినట్టే, కానీ తెరిచే గేట్లు కూడా 20 రెట్లు అవుతాయి, డార్క్ కౌంట్లూ అంతే పెరుగుతాయి. ఒక గేటులో సిగ్నల్‌కీ డార్క్‌కీ ఉన్న నిష్పత్తే ఎంత దూరం వెళ్లగలరో తేలుస్తుంది, అది క్లాక్ పెంచితే మారదు. గేటు సన్నబడితే మాత్రం కొంచెం మారుతుంది. వేగం ఇచ్చేది దూరం కాదు, రేటు. 20 రెట్లంటే 13 డీబీ, 65 కి.మీ. ఫైబర్‌కి సమానం, అదీ డార్క్ కౌంట్లు తలెత్తనంత వరకే. వేగంతో దూరానికి వచ్చే పరోక్ష లాభం ఒకటుంది, ఫైనైట్ కీకి కావాల్సిన బ్లాకు గంటల్లో కాకుండా నిమిషాల్లో నిండుతుంది.

300కి మామూలుగా నానోవైర్ డిటెక్టర్లు కావాలి, లేదా 2018లో వచ్చిన ట్విన్ ఫీల్డ్ పద్ధతి. అందులో ఇద్దరూ మధ్యనున్న స్టేషన్‌కి పంపుతారు, రేటు మొత్తం నష్టంతో కాకుండా దాని వర్గమూలంతో తగ్గుతుంది. 2023లో దాంతో 1002 కి.మీ. వెళ్లారు, రేటు 0.0034 బీపీఎస్, అదీ ఫైనైట్ కీ లెక్క పక్కన పెడితే. ఒక ఏఈఎస్ 256 కీ తయారవడానికి 20 గంటలు దాటుతుంది. రెండు దూరపు లేజర్ల ఫేజ్‌ని లాక్ చేయడం ఎంటెక్ ప్రాజెక్టు సైజు పని కాదు.

డార్క్‌కౌంట్:

కొత్త డిటెక్టర్లు వచ్చేలోపు ఒకటి సిద్ధం చేసుకోండి బ్రో. ఇప్పటిదాకా ఫ్రీ రన్నింగ్ కాబట్టి ఫోటాన్ ఎప్పుడొచ్చినా పట్టేది. గిగాహెర్ట్జ్ గేటింగ్‌లో గేటు వెడల్పు 100, 200 పికోసెకన్లు ఉంటుంది, ఫోటాన్ సరిగ్గా అందులో పడాలి. ఫైబర్ ఒక డిగ్రీ వేడెక్కితే కి.మీ.కి దాదాపు 40 పికోసెకన్లు ఆలస్యం పెరుగుతుంది. మీ 25 కి.మీ. చుట్టకి డిగ్రీకి 1 నానోసెకన్, అంటే ఒక పూర్తి గేటు పీరియడ్ జారిపోతుంది. ల్యాబ్‌లో ఏసీ ఆన్ ఆఫ్ అయినప్పుడల్లా కౌంట్లు పడిపోయి డిటెక్టర్ పాడైందనుకుని కంపెనీకి మెయిల్ పెట్టేవాళ్లను చూశాను. ఫైబర్ చుట్టని థర్మోకోల్ పెట్టెలో పెట్టండి, గేట్ డిలేని కౌంట్ చూసుకుంటూ అటూఇటూ జరిపే చిన్న ఫీడ్‌బ్యాక్ లూప్ ఇప్పుడే రాసేయండి. పాత డిటెక్టర్ల టైమ్ ట్యాగ్‌లతోనే టెస్ట్ చేసుకోవచ్చు, పల్స్ వచ్చే టైమ్ పగలంతా ఎలా జరుగుతుందో అందులో కనిపిస్తుంది.

సగం_ఫోటాన్:

టైమ్ ట్యాగ్‌లు నెల రోజులవి ఉన్నాయి, ఈ రాత్రికే ప్లాట్ చేసి పెడతాను. ఫీడ్‌బ్యాక్‌కి రెండు డిటెక్టర్లకీ ఒకే డిలే సరిపోతుందా, విడివిడిగా జరపాలా?

డార్క్‌కౌంట్:

విడివిడిగా జరిపే వీలు పెట్టుకోండి, కానీ రెండూ ఒకేలా లైనప్ అయ్యాయో లేదో చూస్తుండాలి. 0 గేటుకీ 1 గేటుకీ మధ్య తేడా ఉంటే పల్స్ వచ్చే టైమ్‌ని కొంచెం జరిపి ఏ బిట్ రావాలో బయటివాళ్లే నడిపించొచ్చు, టైమ్ షిఫ్ట్ అటాక్ అంటారు. ఫైబర్ డ్రిఫ్ట్‌కి రెండింటినీ కలిపి జరపండి, వాటి మధ్య తేడాని మాత్రం రోజూ పని మొదలుపెట్టేముందు ఒకసారి కాలిబ్రేట్ చేసి, లాక్ చేసేయండి.